పార్శిల్ పథ్యంతో బరువు తగ్గవచ్చునా?

ఈ మధ్య మా ఓ.పి.లో బరువు చూసే మిషను దగ్గర తరచుగా వినబడుతున్న ప్రశ్న ఒకటుంది. "మేడమ్ గారండీ, మా అబ్బాయి డైట్ భోజనం బుక్ చేశాడండీ. పార్శిల్ వచ్చేసిందండీ. నెలకి ఐదు కేజీలు తగ్గిపోతారంటండీ. తినొచ్చాండీ?" అని అడుగుతున్నారు. అడిగేవారిలో ఎక్కువమంది నలభై దాటిన తల్లులు. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, కువైట్‌లోనో, అమెరికాలోనో ఉంటారు. అమ్మ ఫోనులో మోకాళ్ళు నొప్పులంటుంది, షుగరు పెరిగిందంటుంది. అంత దూరం నుంచి వాళ్ళు చేయగలిగింది డబ్బు కట్టి కొరియర్ పంపించడమే. అది ప్రేమతో చేసే పని. కనుక ఆ పార్శిల్‌ను మేము ఎగతాళి చేయము.

మా అభిప్రాయం ముందుగానే చెబుతాము. ఏ జబ్బూ లేక, ఏ మందులూ వాడని మనిషి ఒక నెల ఆ పొట్లాలు తింటే పెద్ద నష్టం లేదు, కొంత నేర్చుకుంటారు కూడా. కాని షుగరుకో బి.పి.కో మందులు వాడుతున్నవారు డాక్టరుకు చూపించకుండా ఒక్క రోజు కూడా మొదలుపెట్టకూడదు. మేము చూసిన పార్శిల్ మీద ఈ హెచ్చరిక అడుగున, చీమ తలకాయంత అక్షరాలలో ఉంది. ప్రకటనలో అసలు లేదు.

వినికిడి మాటలు కాకుండా చూసి చెప్పడం మేలని, మా నర్సింగ్ విభాగంలో నలుగురం కలిసి అటువంటి పథకం ఒకటి 28 రోజులు తిని చూశాము. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం. నలుగురమూ నలభై ఐదు దాటినవాళ్ళమే. మాలో ఒకరు థైరాయిడ్ మాత్ర తప్ప ఎవరమూ వేరే మందులు వాడటం లేదు. మొదలుపెట్టే ముందు డాక్టరుగారు నలుగురినీ పరీక్ష చేశారు. ఉదయం నీళ్ళలో కలుపుకునే పొడి గాని, వేడినీళ్ళు పోస్తే తయారయ్యే ఓట్స్ ఉప్మా గాని ఉంటుంది. మధ్యాహ్నం కొర్రల కిచిడీ, సాయంత్రం వేయించిన శనగలు, రాత్రి సూపు, రెండు రాగి బిస్కట్లు. అంతా కలిపి రోజుకు సుమారు 1200 క్యాలరీలు. మనిషికి రోజుకు 400 రూపాయల చొప్పున పడింది. అంటే నెలకు పదకొండు వేల పైచిలుకు. ఆ డబ్బుతో మన వైపు ఒక చిన్న కుటుంబానికి నెలంతా కూరగాయలు, పాలు, గుడ్లు, వారానికి రెండు సార్లు చేపలు వస్తాయి.

మొదటి రోజు మధ్యాహ్నం పొట్లం కత్తిరించి పళ్ళెంలో వేసుకుంటే, "ఇది టిఫినాండీ, భోజనమాండీ?" అని మా సిస్టర్ ఒకరు అడిగారు. వంటగది త్రాసు తెచ్చి తూచాము. 280 గ్రాములు ఉంది. ఆ వెంటనే హాస్టల్ మెస్‌లో మామూలుగా వడ్డించే అన్నం కూడా అదే త్రాసు మీద పెట్టాము. కూర, పప్పు, పెరుగు కలపకుండా అన్నం ఒక్కటే 550 గ్రాములు తూగింది. వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 130 క్యాలరీలు వేసుకుంటే, ఒక్క అన్నంలోనే 700 పైగా ఉన్నాయి. మారు వడ్డన ఇందులో లెక్క వేయలేదు. కోనసీమలో మారు వడ్డించుకోకుండా లేచిపోతే ఇంటివాళ్ళు ఏమనుకుంటారో అందరికీ తెలుసు.

ఆ నెలలో మాకు అందిన నిజమైన లాభం ఈ త్రాసే. పొట్లంలో ఉన్న కొర్రలకు ప్రత్యేకమైన మహిమ ఏమీ లేదు. కొలత ఉంది, అంతే. మన పెద్దవాళ్ళు గిద్దతోనూ సోలతోనూ బియ్యం కొలిచి ఎసట్లో పోసేవారు. ఇప్పుడు రైస్ కుక్కరుతో కొలత గ్లాసు ఇస్తున్నా, అది ఏ అరలో ఉందో చాలామందికి తెలియదు.

మొదటి వారంలో మాలో ఇద్దరికి రెండేసి కేజీలు తగ్గాయి. చాలా సంబరపడ్డారు. ఇక్కడ ఒక లెక్క పాఠకులు తెలుసుకోవాలి. మన కాలేయంలోను, కండరాలలోను కొంత పిండిపదార్థం నిల్వ ఉంటుంది, అది తనతోపాటు నీటిని పట్టి ఉంచుతుంది. తిండి ఒక్కసారిగా తగ్గిస్తే ముందు ఆ నిల్వ, ఆ నీరు పోతాయి. మొదటి వారం మిషను చూపించేది ఎక్కువగా ఈ నీరే. ఒక కేజీ కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీలు ఖర్చు కావాలి. రోజుకు 500 క్యాలరీలు తగ్గించి తింటే కేజీకి పదిహేను రోజులు పడుతుంది. అంటే నెలకు రెండు కేజీలన్నది నిజాయితీగల మాట. నెలకు ఐదు, ఎనిమిది అని చెప్పేవారు నీటిని, కొన్నిసార్లు కండను కూడా కలిపి చెబుతున్నారు. యాభై దాటిన ఆడవారికి కండ పోవడం మంచిది కాదు, పడితే లేవలేని పరిస్థితి అక్కడినుంచే మొదలవుతుంది.

28 రోజులకు మా నలుగురికీ రెండు నుంచి నాలుగు కేజీల మధ్య తగ్గింది. ఇది చెప్పుకోదగినదే. కాని మూడో వారానికే అన్ని పొట్లాలూ ఒకే మసాలా వాసన కొట్టడం మొదలైంది. నైట్ డ్యూటీలో తెల్లవారుజామున మూడింటికి వేసే ఆకలికి ఆ పథకంలో జవాబు లేదు. అది పగలు పనిచేసి రాత్రి పడుకునేవారి కోసం తయారుచేసినది. ఇరవై తొమ్మిదో రోజు పొద్దున పొట్లం లేదు. ఏం తినాలి, ఎంత తినాలి అన్నది ఆ పొట్లాలు ఎవరికీ నేర్పలేదు, కత్తిరించి నీళ్ళు పోసుకోవడం తప్ప. మూడు నెలల తరువాత మళ్ళీ తూచుకుంటే ఇద్దరికి పోయిన బరువంతా తిరిగి వచ్చింది. ఒకరికి సగం వచ్చింది. ఒక్కరికి మాత్రం రాలేదు. ఆమె ఆ త్రాసును ఇంటికి తీసుకుపోయి రోజూ అన్నం తూచుకుని తింటున్నారు.

ఈ వ్యాపారం కొత్తదేమీ కాదు. అమెరికాలో న్యూట్రిసిస్టమ్ అనే కంపెనీ 1970ల నుంచి ఉంది. జెన్నీ క్రెయిగ్ అనే సంస్థ 1983లో ఆస్ట్రేలియాలో మొదలై అమెరికాకు వెళ్ళింది. పొట్లాలతోపాటు వారంవారం కూర్చోబెట్టి మాట్లాడే కేంద్రాలు నడిపి, 2023లో ఆ కేంద్రాలన్నీ మూసివేసింది. మన తెలుగువారికి 2017, 2018 ప్రాంతాలలో వీరమాచనేని రామకృష్ణగారి పద్ధతి బాగా గుర్తుండే ఉంటుంది. అందులో పార్శిల్ లేదు. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, రెండు మల్టీ విటమిన్ మాత్రలు అన్నారు. కొబ్బరినూనె మన ఇంటి సరుకే గనుక కోనసీమలో చాలామందికి అది సులభంగా తోచింది. అయితే 100 గ్రాముల నూనె అంటే 900 క్యాలరీలు, పైగా కొబ్బరినూనెలో పదింట తొమ్మిది వంతులు సంతృప్త కొవ్వే. ఆ పద్ధతి మీద వాదోపవాదాలు టీవీలలో చాలా జరిగాయి, వాటి జోలికి మేము పోము. అప్పుడు కూడా మా నర్సులు అడిగింది ఒకటే ప్రశ్న: మీరు వేసుకుంటున్న మాత్రలు ఏమిటి?

ఎందుకు అడుగుతామో ఒక ఉదాహరణ చెబుతాము. లంక గ్రామం నుంచి యాభై దాటిన ఒక తల్లిని ఎండాకాలంలో పదకొండున్నరకు ఆటోలో తీసుకొచ్చారు. ఒళ్ళంతా చెమట, మాట తడబడుతోంది, మనుషుల్ని పోల్చుకోలేకపోతోంది. వడదెబ్బ అనుకుని ఇంట్లో ఫ్యాను కింద పడుకోబెట్టి ఉప్పు మజ్జిగ పట్టారు. మజ్జిగలో పంచదార ఉండదు కదా. గంట గడిచిపోయింది. మేము వేలి చివర పొడిచి చూస్తే షుగరు 44 ఉంది. నరానికి గ్లూకోజు ఎక్కిస్తే పది నిమిషాలలో కళ్ళు తెరిచి, "నేనెక్కడున్నానండీ?" అని అడిగింది. విషయమేమిటంటే, కొడుకు పంపిన పార్శిల్ మొదలుపెట్టి అది నాలుగో రోజు. పొద్దున మూడు ఇడ్లీలకు బదులు గ్లాసుడు పొడి నీళ్ళు తాగింది. షుగరు మాత్ర మాత్రం ఎప్పటిలాగే వేసుకుంది. అది గ్లిమిపిరైడ్ మాత్ర. తిన్నా తినకపోయినా అది ఇన్సులిన్‌ను బయటికి తోస్తూనే ఉంటుంది. దాని ప్రభావం చాలాసేపు ఉంటుంది గనుక రెండు రోజులు వార్డులో ఉంచి పంపించాము. "తిండి తగ్గిస్తే షుగరు తగ్గుద్దన్నారు కదండీ, తగ్గిందండీ, ఆయ్!" అని వెళ్ళేటప్పుడు నవ్వింది. మాకు నవ్వు రాలేదు. రాత్రి నిద్రలో అలా జరిగి ఉంటే ఆటో పిలిచేవారు ఎవరు?

అందుచేత మీ మాత్రల అట్ట వెనుక పేరు చదవండి, లేదా మీ పిల్లలతో చదివించండి. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ అని ఉన్నా, ఇన్సులిన్ సూది వేసుకుంటున్నా, తిండి తగ్గించిన రోజే మందు మోతాదు కూడా డాక్టరు మార్చాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ ప్రమాదం చాలా తక్కువ. పేరు చివర గ్లిఫ్లోజిన్ అని వచ్చే మాత్రలు ఇప్పుడు మన దగ్గర కూడా చాలామంది వాడుతున్నారు. అవి వేసుకుంటూ పిండిపదార్థం బాగా తగ్గించేస్తే రక్తంలో ఆమ్లం పెరగవచ్చు. ఇందులో మోసం ఏమిటంటే, ఆ సమయంలో షుగరు పెద్దగా పెరగకుండానే ఉండవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే మిషనులో షుగరు బాగానే ఉందని ఇంట్లో కూర్చోకండి. బి.పి. మాత్రలు వేసుకునేవారికి బరువు, తిండి తగ్గేకొద్దీ బి.పి. కూడా పడిపోయి, మంచం మీదనుంచి లేచేటప్పుడు కళ్ళు తిరుగుతాయి. శ్రమదినాలలో ఉపవాసం ఉండేవారికి కూడా ఈ పేరా అంతా వర్తిస్తుంది.

షుగరు పడిపోతే వచ్చే గుర్తులు ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి: చెమట, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, తికమక మాటలు, అకారణంగా కోపం. మిషను ఉంటే చూడండి, 70 కంటే తక్కువ ఉంటే షుగరు పడిపోయినట్టే. మిషను లేకపోతే ఆలోచించకుండా మూడు టీ చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇవ్వండి. పదిహేను నిమిషాలకు తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్న తరువాత అన్నమో ఇడ్లీయో పెట్టండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

అయితే పొట్లాలతో షుగరు వ్యాధి తగ్గదా అంటే, తగ్గినవారు ఉన్నారు. బ్రిటన్‌లో రాయ్ టేలర్, మైక్ లీన్ అనే డాక్టర్ల బృందం చేసిన డైరెక్ట్ అనే పరిశోధన 2017లో ప్రచురితమైంది. షుగరు వచ్చి ఆరు సంవత్సరాలు దాటనివారిని తీసుకుని, మూడు నుంచి ఐదు నెలలు రోజుకు సుమారు 850 క్యాలరీల షేకులు, సూపులు మాత్రమే ఇచ్చారు. తరువాత నెమ్మదిగా మామూలు తిండిలోకి తెచ్చారు. సంవత్సరం తిరిగేసరికి నూటికి 46 మంది ఏ మందూ లేకుండా షుగరు అదుపులో ఉన్నారు. మామూలు వైద్యం పొందినవారిలో నూటికి నలుగురే అలా ఉన్నారు. రెండో సంవత్సరానికి 46 కాస్తా 36 అయింది. ఈ వార్త చదివే పిల్లలు అమ్మకు పొట్లాలు పంపుతారు. కాని ఆ పరిశోధనలో ఇన్సులిన్ వాడేవారిని అసలు చేర్చుకోలేదు. చేరినవారికి షుగరు మాత్రలు, బి.పి. మాత్రలు మొదటి రోజే డాక్టర్లు ఆపించారు. ఆ తరువాత నర్సు గాని డైటీషియన్ గాని క్రమం తప్పకుండా పిలిచి చూస్తూ వచ్చారు. పార్శిల్‌లో పొడి వస్తుంది, నర్సు రాదు. మేము నర్సులం గనుక ఈ మాట చెప్పుకుంటున్నామని అనుకున్నా ఫరవాలేదు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, టి.బి. మందులు వాడేవారు ఇటువంటి పథకాల జోలికి పోవద్దు. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాంసకృత్తుల పొడులు సొంతంగా తాగవద్దు. చాలా వేగంగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు వచ్చే అవకాశం కూడా ఉంది.

కొనేవారు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. లైసెన్సు నంబరు పద్నాలుగు అంకెలు ఉందో లేదో చూడండి. క్యాలరీల పట్టిక 100 గ్రాములకు ఇచ్చారా, పొట్లం మొత్తానికి ఇచ్చారా చూడండి, ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. సోడియం చూడండి. రోజంతా మనిషికి ఉప్పు ఐదు గ్రాములు, అంటే ఒక టీ చెంచాడు మించకూడదు. సోడియం లెక్కలో అది 2000 మిల్లీగ్రాములు. మాకు వచ్చిన సూపు ఒక్క పొట్లంలోనే 700 మిల్లీగ్రాములు ఉంది. బి.పి. ఉన్నవారికి ఆ సూపు పథ్యం కాదు. ఇక పట్నంలో వండి డబ్బాలలో పంపే భోజనాలది వేరే సంగతి. పొద్దున తొమ్మిదింటికి వచ్చిన డబ్బా మన ఉక్కపోతలో ఒంటిగంట దాకా బల్లమీద పెట్టి తింటే బరువు తప్పకుండా తగ్గుతుంది, విరేచనాలతో. వండిన పదార్థం రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు.

ఇక మేము ఎక్కువగా ఆలోచించినది వంటింటి సంగతి. పార్శిల్ వచ్చేది ఒక్క మనిషికి. ఆ ఒక్క మనిషే ఇంట్లో మిగతా ఐదుగురికీ వండాలి. తను కిచిడీ పొట్లం తిని, భర్తకు దిబ్బరొట్టె వేయాలి, పిల్లలకు పూరీలు వేయించాలి, అత్తగారికి మెత్తగా అన్నం వండాలి. అందరూ తిన్న తరువాత పులుసు గిన్నెకు అంటుకున్నది పారబోయడానికి చేయి రాదు. రెండు ముద్దలు అందులో కలుపుకుంటుంది. పిల్లాడు వదిలేసిన సగం అట్టు నోట్లో వేసుకుంటుంది. ఈ ముద్దలు ఏ కంపెనీ లెక్కలోనూ ఉండవు. నెలాఖరుకు బరువు తగ్గకపోతే, "మా ఆవిడకి నోరు కట్టుకోవడం చేతకాదండీ" అని భర్తగారు మా ముందే అంటారు. ఆయన పొట్ట చుట్టుకొలత కూడా అప్పుడే టేపు పెట్టి చూస్తాము. మన దేశంలో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే ప్రమాదమని లెక్క. చాలాసార్లు ఆవిడకంటే ముందు ఆయనే పథ్యం చేయవలసి ఉంటుంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఆడవారిలో మూడో వంతుకు పైగా అధిక బరువు ఉన్నారు. మగవారు కూడా వారికి ఎంతో దూరంలో లేరు.

కనుక ఆ పదకొండు వేలు ఒక్కరి పార్శిల్‌కు కాకుండా ఇంటి కుండకు ఖర్చు పెట్టమని మా సలహా. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజుకు 2000 క్యాలరీలు తినే మనిషికి ధాన్యం అంతా కలిపి, వండకముందు తూచితే, 250 గ్రాములు. కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు. పళ్ళెంలో సగం కూరలు, పళ్ళు ఉండాలి. మన పళ్ళెంలో ఇది తలకిందులుగా ఉంటుంది. ఆనపకాయ, పొట్లకాయ, బీరకాయ, తోటకూర పెరట్లో కాసే ప్రాంతం మనది. అన్నంలోకి కూర నంజుకోవడం కాకుండా, కూరలోకి అన్నం కలుపుకోవాలి. చేప తినండి, పులుసుగానో ఆవిరి మీదనో. వేపుడు మాత్రం పండుగకు ఉంచండి. పనసాకుల బుట్టలలో ఉడికే పొట్టిక్కలలో చుక్క నూనె ఉండదు, రెండు తిని ఆపితే మంచి టిఫిన్. వాటి పక్కన వేసుకునే కొబ్బరిపచ్చడే చూసుకోవాలి. పచ్చికొబ్బరి 100 గ్రాములలో 350 క్యాలరీలు ఉంటాయి. కొబ్బరి మానమని కోనసీమలో చెప్పే ధైర్యం మాకు లేదు గాని, గరిటెతో కాకుండా చెంచాతో వేసుకోమని చెప్పగలము. పూతరేకుల పెట్టె ఇంట్లో ఉంటే ఎవరూ ఆపలేరు, కనుక దానిని అతిథులు వచ్చిన రోజే తెప్పించండి.

పిల్లలు ఏదో ఒకటి పంపాలని పట్టుబడితే వంటగది త్రాసు ఒకటి, షుగరు చూసే మిషను ఒకటి పంపమని చెప్పండి. రెండూ కలిపినా పది రోజుల పార్శిల్ ఖరీదు కాదు.

2025 నుంచి మన దేశంలోకి వారానికి ఒకసారి వేసుకునే బరువు తగ్గే ఇంజెక్షన్లు కూడా వచ్చాయి, వాటి గురించి కూడా అడుగుతున్నారు. వాటికి కూడా ముందు చూడవలసింది మాత్రల చీటీయే, వివరాలు డాక్టరుగారినే అడగండి.

పార్శిల్ ఇప్పటికే కొనేసినవారు డబ్బు పోయిందని బాధపడనక్కరలేదు. ఒక పొట్లం, మీరు వాడే మాత్రల అట్టలన్నీ, పాత చీటీలు ఒక సంచిలో వేసుకుని ఓ.పి.కి రండి. డాక్టరుగారు చూసి మందు మోతాదు మార్చవలసి ఉంటే మారుస్తారు, మేము బరువు, నడుము కొలత, షుగరు, బి.పి. రాసి పెడతాము. తినడం మొదలుపెట్టిన తరువాత మొదటి వారం రోజూ, ఆ తరువాత వారానికి ఒకసారి షుగరు చూపించుకోవాలి. పార్శిల్ ఇంకా విప్పకుండా తీసుకొస్తే మరీ మంచిది, వద్దంటే తిరిగి పంపించవచ్చు.